మార్జిన్‌లో మూడు ప్రశ్నలు
(మాష్టారి స్మారకోపన్యాసానికి రాతప్రతి)

అటెండెన్సు ఇస్తామని చెప్పి వెనక వరసల్లో కూర్చోబెట్టిన ఇప్పటి విద్యార్థులతోనే నాకు పని. ఇవాళ మాట్లాడబోయేది వాళ్ళు ఆఖరి ఏడాదిలో రాయబోయే ప్రాజెక్టు గురించి.

స్మారకోపన్యాసమంటే పెద్ద విషయం ఎత్తుకోవడం ఆనవాయితీ. నన్ను పిలిచినవాళ్ళు కూడా "ప్రపంచీకరణ, గ్రామీణ భారతం" అని ఒక శీర్షిక సూచించారు. మాష్టారు ఉంటే ఆ కాగితం అంచున పెన్సిల్‌తో "ఏ ఊరు?" అని రాసి వెనక్కి పంపేవారు. అందుకని నేనే తగ్గించుకున్నాను.

ఆయన పోయాక వాళ్ళమ్మాయి నన్ను పిలిచి ఒక రేకుపెట్టె అప్పగించింది. భూమి కాగితాలో, రాతప్రతులో ఉంటాయనుకున్నాను. తెరిస్తే అన్నీ బి.ఏ. పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. కొన్ని నల్ల క్యాలికో అట్టలు, బంగారు అక్షరాలు. కొన్ని స్పైరల్ బైండింగులు. ఒకటి మాత్రం దారంతో కుట్టిన లాంగ్ నోట్‌బుక్కు. కాలేజీలో ఆ కాపీలు ఉండవని ఆయనకి తెలుసు. ఒక వేసవిలో స్టోరు రూముకి సున్నాలు వేయించడం కోసమని బీరువాలు ఖాళీ చేసి, పదిహేనేళ్ళ ప్రాజెక్టుల్ని పాతపేపర్లతో పాటు తూకానికి వేశారు. ఆ రోజు ఆయన రిక్షా మాట్లాడుకొని కాటా దగ్గరికి వెళ్ళి, దొరికినన్ని కొనుక్కొని తెచ్చుకున్నారట. ఎంతకి కొన్నారో చెప్పలేదు. సామాజిక శాస్త్రాల ధర ఆ రోజు కిలో ఎంత పలికిందో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

ఆ రిపోర్టుల మార్జిన్లలో ఆయన దిద్దుబాట్లు చూశాను. వ్యాకరణం జోలికి పెద్దగా పోలేదు. మళ్ళీ మళ్ళీ కనిపించేవి మూడే మాటలు: "ఎవరు చెప్పారు?", "ఎప్పుడు?", "ఎంత?" ఇవాళ నేను చెప్పేదంతా ఈ మూడు మాటల చుట్టూనే.

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపు మీ అందరికీ తెలుసు. అక్కడ కుర్రాడికి మన సబ్జెక్టులన్నీ వచ్చు. "ఎకనామిక్సా, సోషియాలజీయా? ఎన్ని పేజీలు?" అని రెండే ప్రశ్నలు వేస్తాడు. ఫలానా జిల్లాలో మహిళా సాధికారతలో స్వయం సహాయక సంఘాల పాత్ర, ఒక అధ్యయనం. జిల్లా పేరు దగ్గర ఖాళీ ఉంటుంది, అది నింపితే సరి. పీఠిక, పూర్వ రచనల సమీక్ష, వంద మంది శాంపుల్, రంగుల పై చార్టులు, నిర్ధారణలు, ప్రభుత్వానికి పది సూచనలు. ఈ పది సూచనలు ఏ ప్రభుత్వమూ చదవదని రాసేవాడికీ దిద్దేవాడికీ తెలుసు. ఇరవై ఏళ్ళ పిల్లాడు ఇంకా ఒక్క సంగతీ చేతపట్టకుండానే సర్కారుకి సలహాలివ్వడం మన ప్రాజెక్టుల్లో తప్ప ఎక్కడా చూడలేదు. ఆ ఆఖరి అధ్యాయాన్ని మాష్టారు చాలాసార్లు చదవకుండానే కొట్టేసేవారు.

ఆ పెట్టెలో దారంతో కుట్టిన నోట్‌బుక్కు ఉందన్నానే, దాని సంగతి చెబుతాను. 2011 చలికాలంలో మొదలైంది. రాసినమ్మాయి నా క్లాసులోదే, మాష్టారు గైడు. మొదట ఆ అమ్మాయి తెచ్చిన శీర్షిక కూడా సాధికారతే. ప్రశ్నావళిలో పన్నెండో ప్రశ్న: "సంఘంలో చేరాక మీకు సాధికారత కలిగిందా? అవును / కాదు." తన ఊళ్ళోనే ఒకావిడ దగ్గర కూర్చుని ఈ ప్రశ్న చదివితే, చింతపండు గింజలు తీస్తున్న ఆవిడ తలెత్తకుండానే, "ఏది రాస్తే నీకు మార్కులొస్తాయో అది రాసుకోవే తల్లీ" అందట. అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చి ఈ మాట చెప్పింది. మాష్టారు మాత్రం హుషారుగా కుర్చీ ముందుకి జరుపుకొని, "ఇప్పటిదాకా నువ్వు తెచ్చినవాటిలో ఇదొక్కటే సమాచారం" అన్నారు.

తర్వాత పది నిమిషాల్లో ఆ శీర్షికని చెక్కి చెక్కి ఒక ప్రశ్న చేశారు. సంఘం అప్పు వాయిదా ఏ తేదీన కట్టాలి? ఆ తేదీకి ముందు రోజు ఆ డబ్బు ఎక్కడ ఉంది? అంతే. జిల్లా పోయింది, మండలం పోయింది, ఒక ఊరూ మూడు సంఘాలూ మిగిలాయి.

ప్రశ్న చిన్నదే కానీ, ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రో ఫైనాన్సు సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం ఇంటి ముందుకొచ్చి వసూలు చేసే మనుషులు ఒక్కసారిగా ఆగిపోయారు. ఆ వసూళ్ళ వేధింపులు ఎలాంటివో అప్పటి పత్రికల నిండా ఉంది, చట్టం రావాల్సిందే. అయితే ఈ అమ్మాయి ఊళ్ళో తేలింది ఏమిటంటే, చాలామంది ఆడవాళ్ళు సంఘం వాయిదాని ఆ వారాల అప్పుతోనే కడుతూ వచ్చారు. దానికి కారణం ఉంది. వాయిదా తప్పకుండా కడితేనే ప్రభుత్వం పావలా వడ్డీ రాయితీ ఇచ్చేది. అందుకని సంఘం పుస్తకంలో బాకీ ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదు. అక్కడ పుస్తకం శుభ్రంగా ఉండాలంటే ఇక్కడ ఇంకొకడి దగ్గర చెయ్యి చాపాలి. వారాలవాడు పోయాక ఆ వాయిదా డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తేదీలవారీగా రాసింది అమ్మాయి. కొంత కూలి డబ్బు, కొంత పాలకేంద్రం డబ్బు, ఎక్కువ భాగం ఊళ్ళోని ఆసాముల దగ్గర చేబదులు, కొన్నిచోట్ల కమ్మలు తాకట్టు. బ్యాంకు లెక్కలో ఆ మూడు సంఘాలూ ఏ గ్రేడు సంఘాలే. అది అబద్ధమూ కాదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే "ఎంత?" అనే పెన్సిల్ గుర్తు అన్నిటికన్నా ఎక్కువగా పడింది ఈ వడ్డీల దగ్గరే. అమ్మాయి మొదటి చిత్తుప్రతి ఇంగ్లీషులో ఉంది. అందులో ఒక పట్టిక. బ్యాంకు వడ్డీ 12 శాతం. ఊళ్ళో ఆసామి వడ్డీ 2 శాతం. పక్కన రంగుల కడ్డీలు. బ్యాంకు కడ్డీ ఆకాశానికి అంటుతోంది, ఆసామి కడ్డీ నేలబారున ఉంది. ఆ పటం చూసినవాడెవడైనా బ్యాంకులు మూసేసి ఆసాముల్ని పిలవమంటాడు. జరిగిందేమిటంటే, ఊళ్ళో ఆడవాళ్ళు "రెండు రూపాయల వడ్డీ" అన్నారు. అంటే నూటికి నెలకి రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. ఈ లెక్క ఆ అమ్మాయికి రాదా? వాళ్ళ నాన్న జీవితమంతా రెండు రూపాయల వడ్డీ కడుతున్న మనిషి! ఇంట్లో ఎవరిని అడిగినా నోటిలెక్కన చెప్పే సంగతి, ఇంగ్లీషులో రాయబోయేసరికి చేతిలోంచి జారిపోయింది. ప్రభుత్వం పథకానికి పెట్టుకున్న పావలా వడ్డీ అన్న పేరు కూడా ఈ లెక్కలోదే. నూటికి నెలకి పావలా, ఏడాదికి మూడు శాతం. సర్కారుకే అర్థమైన భాష మన రిపోర్టుకి పనికిరాకుండా పోయింది.

మాష్టారు ఆ పట్టిక పక్కన "ఎంత? నెలకా, ఏడాదికా?" అని రాసి, ఇంగ్లీషు చిత్తు పక్కన పడేసి, మొత్తం తెలుగులో రాసుకురమ్మన్నారు. మాది ఇంగ్లీషు మీడియం సెక్షను కాబట్టి ఒప్పుకోరని నేను అడ్డుపడ్డాను. "ముందు తెలుగులో నిజం రాయనీ, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుంటుంది" అన్నారు. ఆ నోట్‌బుక్కు అలా పుట్టింది. అందులో చేబదులు, తాకట్టు, కుదువ, అసలు, ఫాయిదా, ముందే పట్టుకొని ఇచ్చేది, ఇలా ప్రతి రకం అప్పుకీ ఊళ్ళో ఏ పేరుందో ఆ పేరే ఉంది. పదివేలు అప్పని రాయించుకొని ఎనిమిదిన్నర చేతిలో పెట్టి, వంద రోజులు రోజుకి వంద వసూలు చేసేవాడి లెక్క ఒక పేజీ అంతా ఉంది. దాన్ని అప్పు అని ఒక్క ముక్కలో రాస్తే పోయేది ఎంతో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది.

డిగ్రీ పిల్లలు చేసేది పరిశోధనేమిటి, పై చదువుల్లో చూసుకుంటారు లెండి, అనే పెద్దలు ఈ సభలోనూ ఉంటారు. వాళ్ళ కోసం ఒక పాత సంగతి. గిల్బర్ట్ స్లేటర్ అనే ఆయన 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇండియన్ ఎకనామిక్స్ తొలి ప్రొఫెసర్‌గా వచ్చాడు. వచ్చిన దేశం గురించి పుస్తకాల్లో ఉన్నది చాలదని తేలింది ఆయనకి. 1916లో తన విద్యార్థుల చేతిలో ఒక ప్రశ్నావళి పెట్టి, తెలిసిన ఊళ్ళకి వెళ్ళి రాసుకురమ్మన్నాడు. ఎన్ని ఇళ్ళు, ఎంత భూమి, ఎవరి చేతిలో, కూలి ఎంత, అప్పులెవరికి. సెలవుల్లో ఇచ్చిన హోమ్‌వర్కే అనుకోండి. 1918లో అవి దక్షిణ భారత గ్రామాల మీద పుస్తకంగా ఆక్స్‌ఫర్డ్ ప్రెస్సులో వచ్చాయి.

ఆ పిల్లల రాతల్లో గొప్ప సిద్ధాంతాలేమీ లేవు. అడిగిన ప్రశ్నలు ఉన్నాయి, ఊరి పేరు ఉంది, ఏడాది ఉంది, లెక్కలున్నాయి. అంతమాత్రానికే ఏం జరిగిందో చూడండి. 1936-37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ గార్లు అవే ఊళ్ళకి మళ్ళీ మనుషుల్ని పంపి, 1940లో ఇంకో పుస్తకం వేశారు. అరవైల్లో ఇంకొకరు, ఎనభైల్లో ఇంకొకరు వెళ్ళారు. ఆ ఊళ్ళలో ఇరువేల్పట్టు అనేది ఇప్పటి విళుప్పురం జిల్లాలో ఉంది. ఒక రెడ్డియార్ భూస్వామి కుటుంబం మాట చెల్లిన ఊరు. 2008లో జాన్ హారిస్, జయరంజన్, నాగరాజ్ గార్లు అక్కడికి వెళ్ళి, 1916 నుంచి అప్పటిదాకా భూమీ కూలీ కులమూ ఎలా మారాయో రాశారు. తొంభై రెండేళ్ళ చరిత్రకి మొదటి చివర పట్టుకున్నది ఒక కాలేజీ కుర్రాడు. వాడు "గ్రామీణ భారతం పరిణామ దశలో ఉంది" అని రాసి ఉంటే ఎవరూ తిరిగి వెళ్ళేవారు కాదు. మళ్ళీ వెళ్ళి అడగడానికి అందులో ఏమీ ఉండదు.

అదే 1916 మే 9న న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో పాతికేళ్ళ అంబేద్కర్ ఒక పేపరు చదివాడు. అది పై చదువుల పేపరే, డిగ్రీది కాదు. అందులో ప్రశ్న వేసిన తీరు కోసమే చెబుతున్నాను. కులమంటే చెప్పడానికి సముద్రమంత ఉంది. ఆయన అదంతా పక్కన పెట్టి, కులం లోపలే పెళ్ళి అనే కట్టుబాటు ఎలా నిలుస్తోంది, మొగుడు పోయిన ఆడదాన్నీ పెళ్ళాం పోయిన మగవాణ్ణీ ఏం చేస్తే ఆ కంచె కూలకుండా ఉంటుంది, అని ఒక్కచోట తవ్వాడు. మరుసటి ఏడు అచ్చయిన ఆ పేపరుని నూరేళ్ళు దాటాక కూడా మనం చదువుతున్నాం.

స్లేటర్ విద్యార్థుల విషయంలో ఒక మాట దాటేయకూడదు. 1916లో కాలేజీ దాకా వచ్చినవాళ్ళు ఎవరు? ఎక్కువగా భూములున్న ఇళ్ళవాళ్ళు. వాళ్ళు ఊరికెళ్ళి అడిగితే కూలివాడు ఏం చెబుతాడు, ఎంత దాస్తాడు? మన దగ్గరా అంతే. ఆ పెట్టెలోనే ఒక అబ్బాయి ప్రాజెక్టు ఉంది, కౌలుదారుల మీద. అబ్బాయిది ఆ ఊరి ఎస్సీ కాలనీ. ఊళ్ళో రైతుల్ని అడగడానికి వెళ్తే అరుగు కింద నిలబెట్టి మాట్లాడారు, ఒకరిద్దరు "మీ నాన్నని పంపు" అన్నారు. అబ్బాయి ఆ ఇళ్ళని లెక్కలోంచి తీసేసి "ప్రతిస్పందన లభించలేదు" అని రాశాడు. మాష్టారు మార్జిన్‌లో "ఎవరు చెప్పారు? ఎక్కడ నిలబడి అడిగావు?" అని రాశారు. ఆ తర్వాతి ప్రతిలో, పద్ధతి గురించి చెప్పే అధ్యాయంలో, ఏ ఇంట్లో కుర్చీ వేశారో, ఏ ఇంట్లో అరుగు మీద, ఏ ఇంట్లో అరుగు కింద అడిగాడో ఒక చిన్న పట్టిక ఉంది. కౌలు ఎంతో కుర్చీ వేసినవాళ్ళు ఒకలా చెప్పారు, వేయనివాళ్ళు ఇంకోలా చెప్పారు. పరిశోధనా పద్ధతుల మీద నేను చదివిన లావాటి పుస్తకాల్లో ఇలాంటి పట్టిక చూడలేదు.

దాచాల్సినవి దాచడం కూడా ఆయన అంతే పట్టుదలగా నేర్పేవారు. అప్పుల అమ్మాయికి ఒకావిడ తన కమ్మల సంగతి మొత్తం చెప్పి, మర్నాడు పొద్దున్నే వచ్చి "అది కొట్టెయ్యి, మా ఆయనకి తెలీదు" అంది. ఆ నోట్‌బుక్కులో అన్నిటికన్నా బాగా వచ్చిన రెండు పేజీలు అవే. పేరు లేకుండా ఉంచుకోవచ్చు కదా అన్నాను నేను. మూడు సంఘాల ఊళ్ళో పేరు లేకపోయినా మనిషి తెలిసిపోతుందన్నారాయన. పేజీలు చింపేశారు. కుట్టు దగ్గర ఆ చింపిన అంచులు ఇప్పటికీ కనిపిస్తాయి.

అనుకున్నది తేలకపోతే ఏం చేయాలి? మా పిల్లల పరికల్పనలన్నీ ఎప్పుడూ రుజువవుతూనే ఉంటాయి, అదొక వింత. అమెరికాలో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఆఖరి ఏడాది థీసిస్ రాయనిదే బి.ఏ. డిగ్రీ ఇవ్వరు. 1985లో అక్కడ సోషియాలజీ చదివిన మిషెల్ రాబిన్సన్ అనే అమ్మాయి, తర్వాత మిషెల్ ఒబామా, తనకు ముందు అక్కడ చదివిన నల్లజాతివాళ్ళు 400 మందికి ప్రశ్నావళి పంపింది. బదులిచ్చినవాళ్ళు 90లోపే. తెల్లవాళ్ళ మధ్య చదివినా, ఉద్యోగాలు చేసినా తమ సమాజంతో వాళ్ళ అనుబంధం నిలిచే ఉంటుందని తేలుతుందనుకుంది. తేలలేదు. తాను ఆశించింది తన లెక్కల్లో నిలబడడం లేదని ఆ థీసిస్‌లోనే రాసింది. 2008 ఎన్నికల్లో ఆ థీసిస్ బయటికి వచ్చాక రాజకీయ ప్రత్యర్థులు ఒక్కో వాక్యం పీకి చూపించారు. నాకు మాత్రం అందులో నచ్చింది ఓడిపోయానని ఒప్పుకున్న ఆ పేజీ. నాలుగొందల మందిలో బదులు రానివాళ్ళ గురించి మాష్టారు ఇంకో పెన్సిల్ గుర్తు పెట్టేవారనుకోండి, అది వేరే విషయం.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో పరిశోధనతో ఆనర్స్ చేసేవాళ్ళకి 12 క్రెడిట్ల థీసిస్ ఉంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్ళకే ఆ అవకాశం. ఈ నిబంధన నాకు నచ్చలేదు. అరుగు కింద నిలబడి పట్టిక రాసిన అబ్బాయికి 75 రాలేదు, దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. తెలంగాణలో డిగ్రీ కాలేజీల పిల్లలకి జిజ్ఞాస పేరిట అధ్యయన ప్రాజెక్టుల పోటీ పెట్టారు. మంచివే. ఒక్క లెక్చరరు మీద ముప్పై నలభై ప్రాజెక్టులు పడితే మార్జిన్‌లో "ఎవరు చెప్పారు?" అని రాసే తీరిక ఎవరికి ఉంటుందని మాత్రం అడుగుతున్నాను. ఆ తీరిక లేనిచోటికి జిరాక్స్ షాపువాడు వస్తాడు. ఇప్పుడు ఆ షాపు మీ ఫోన్‌లోకే వచ్చింది, అడిగితే పూర్వ రచనల సమీక్ష క్షణంలో రాసిస్తుంది. మీ ఊళ్ళో వాయిదా తేదీకి ముందు రోజు ఆ డబ్బు ఎక్కడ ఉందో దాన్ని అడిగి చూడండి.

ముగించే ముందు ఆ నోట్‌బుక్కు సంగతి ఇంకొంచెం మిగిలింది. దాని ఆఖరి పేజీలో అడిగిన ప్రశ్నలన్నీ వరసగా, అడిగిన మాటల్లోనే రాసి ఉన్నాయి. కింద మాష్టారి పెన్సిల్: "పదేళ్ళయ్యాక మళ్ళీ." పోయినేడు మా డిపార్ట్‌మెంటులో ఒక విద్యార్థిని ప్రాజెక్టు శీర్షిక కోసం వస్తే, ఆ పేజీ జిరాక్స్ తీసి చేతిలో పెట్టాను. ఊరు ఎక్కడుందో చెప్పాను. ఆ అమ్మాయి నాలుగు ఆదివారాలు వెళ్ళింది. మూడు సంఘాల్లో ఒకటి లేదు. కొందరు హైదరాబాదుకి వలస పోయారు, ఇద్దరు చనిపోయారు. వారాలవాళ్ళు మళ్ళీ వస్తున్నారు, ఇప్పుడు ట్యాబులతో.

పెద్దావిడ ఒకామె ఆ ప్రశ్నల కాగితం చూసి గుర్తుపట్టిందట. చింతపండు ఆవిడేనో ఇంకొకరో నాకు తెలీదు. మొదటి ప్రశ్నకి బదులు చెప్పకముందే తాను ఒక ప్రశ్న అడిగింది. "అప్పుడొక పిల్ల వచ్చి నెల్లాళ్ళు మా అప్పులన్నీ రాసుకుపోయింది. ఆ పుస్తకం ఏమైంది? అందులో మా గురించి ఏం రాసింది?"

మా విద్యార్థిని దగ్గర దానికి జవాబు లేదు. వచ్చి నన్నడిగింది. వచ్చే ఆదివారం ఆ నోట్‌బుక్కు పట్టుకొని ఇద్దరం వెళ్తున్నాం.